చీపురమ్మ ఊడ్చేసిన గీత

ఆఫీసులో అందరూ ఆమెను చీపురమ్మ అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె కూడా ఆ పేరుకే పలికేది. వాతావరణ రాడార్ తెర మీద వాన కానిదాన్నల్లా ఊడ్చి పారేయడమే ముప్పై ఏళ్ళుగా ఆమె ఉద్యోగం, పరిశోధన, పేరూ ప్రతిష్ఠా అన్నీను. రాడార్‌కు, పాపం, తనా పరా లేదు. ఆకాశంలోకి తరంగాన్ని వదులుతుంది, అది దేనికి తగిలి వెనక్కి వచ్చినా తెర మీద ఓ చుక్క పెట్టేస్తుంది. తగిలింది వాన చినుకా, కొంగ రెక్కా, గాల్లో తేలే పురుగా అన్న పట్టింపు దానికి ఉండదు. ఆ పట్టింపంతా ఈవిడకే.

అసలు ఆమెకు ఈ పని మీద మనసు పడిందే ఒక ఉంగరాన్ని చూసి. ఉద్యోగంలో చేరిన మొదటి వారం, తెల్లవారుతుండగా, తెర మీద ఓ మూల చిన్న చుక్క పుట్టింది. అది నడుమ ఖాళీ చేసుకుంటూ వలయమై, నిశ్శబ్దంగా, తొందరేమీ లేకుండా విచ్చుకుంటూ పోయింది. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

"ఏంటండీ ఇది?" అంది పక్కనే టీ తాగుతున్న గురువుగారితో.

"పక్షులమ్మా. గూళ్ళు వదిలి నాలుగు దిక్కులకూ మేతకు పోతున్నాయి. రోజూ ఉండే గోలే. వాన కాదది, చెత్త. ఆ చెత్త తీసేసే దారేదైనా కనిపెట్టు, నీకు పుణ్యముంటుంది."

గురువుగారి మాట ఆమెకు వేదవాక్కు. ఆ చెత్త తీయడానికే జీవితం ధారపోసింది. వాన చినుకుల నుంచి వచ్చే జవాబు ఒద్దికగా ఉంటుంది, పురుగుల నుంచీ పక్షుల నుంచీ వచ్చేది చిందరవందరగా ఉంటుంది. ఆ తేడా పట్టుకుని ఒక ప్రోగ్రాం రాసింది. పరిశోధన పత్రాల్లో దానికి నాలుగు పొడి అక్షరాల పేరుంది, ఆఫీసులో మాత్రం చీపురనే అంటారు. దాన్ని వేల వానల మీద పరీక్షించి, "ఒక్క వాన చినుకు కూడా పోలేదు" అని తేల్చింది. ఆ ఒక్క వాక్యం మీదే ఆమెకు పెద్ద పదవి వచ్చింది, సభల్లో ముందు వరస కుర్చీ వచ్చింది. పగలల్లా ఊడ్చిన ఆ ఉంగరాలు మాత్రం నిద్రలో తిరిగొచ్చేవి. కలలో ఆకాశం నిండా అవి విచ్చుకుంటూ ఉంటే ఆమె వాటి మధ్య నుంచి చేతులు చాచి నడిచేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఊడ్చేవాళ్ళకు చెత్త మీద ప్రేమేమిటని నవ్వుతారు కదా.

ఆ రోజు ఆమె బల్ల మీద ఒక కాగితం ఉంది. ఇక మీదట అన్ని రాడార్లలోనూ చీపురు పట్టిన బొమ్మే చూపిస్తారు. ఊడ్వని పచ్చి బొమ్మను దాచడం మానేస్తారు, వెనక గదిలో పెట్టెలకొద్దీ పడి ఉన్న పాత టేపులను తీసి పారేస్తారు. వాటితో పని లేదని ఆమె ఒక్క సంతకం చేస్తే చాలు. పెద్దసారు మర్నాడు సాయంత్రం వరకూ గడువిచ్చాడు. ఆమె కలం తీసింది కూడా. సరిగ్గా అప్పుడే చెల్లెలు ఫోను చేసింది.

చెల్లెలు ఒక బడిలో ఆటల టీచరు. ఎండకు నల్లబడిన మొహం, మెడలో విజిలు, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించే గొంతు. ఆ బడి రాడార్‌కు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది.

"అక్కా, ఇవాళ మా ఆటల పోటీలు. మూడొందల మంది పిల్లలు మైదానంలో ఉన్నారు. వాన గీన వస్తుందా?"

ఆమె తెర కేసి చూసింది. తుడిచిన పలకలా ఉంది.

"తెర శుభ్రంగా ఉందే. నిశ్చింతగా ఆడించుకో."

"నీ నోటి చలవ" అని చెల్లెలు పెట్టేసింది.

ఫోను పెట్టాక ఆమె చెయ్యి కాసేపు దాని మీదే ఉండిపోయింది. ఇంచుమించు ఈ మాటలే పదకొండేళ్ళ కిందట ఇంకొకరితో అంది. చెల్లెలి మొగుడితో. అతను ఎత్తయిన క్రేన్ నడిపేవాడు. రోజూ మధ్యాహ్నం పైనుంచే ఫోను చేసి, "వదినా, ఆకాశానికి నీకన్నా నేనే దగ్గరున్నా, అయినా గాలి సంగతి నిన్నే అడగాల్సి వస్తోంది చూడు" అని ఆటపట్టించేవాడు. ఆ రోజూ అడిగాడు. తెర శుభ్రంగా ఉంది, నిశ్చింతగా పని చేసుకో అంది. గంటన్నర తర్వాత ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని గాలి ఆ క్రేన్‌ను పడగొట్టింది. ముందుగా తెలిసే వీలు ఉండిందా అని చెల్లెలు ఒకే ఒక్కసారి అడిగింది. ఆమె మళ్ళీ వెళ్ళి బొమ్మలన్నీ చూసి వచ్చి, లేదంది. విచారణ నివేదికలో కూడా "ముందస్తు సూచనలేవీ లేవు" అన్న వాక్యం కింద ఉన్నది ఆమె సంతకమే. ఆ మాట పట్టుకునే చెల్లెలు బతికింది, ఆమె కూడా బతికింది.

మనసు బాగాలేనప్పుడు ఆమె టవరెక్కేది. నూట పన్నెండు మెట్లు. పైన రాడార్ గుమ్మటం కింద, యాంటెనా తిప్పే పళ్ళచక్రాలకు గ్రీజు పూస్తూ ఒక పెద్దమనిషి ఉంటాడు. అందరికీ ఆయన గ్రీజు బాబాయ్. చదువు పెద్దగా లేదు కానీ, చక్రం చప్పుడు విని రేపు ఏ పన్ను విరుగుతుందో చెప్పగలడు.

"రా అమ్మాయ్. కిందంతా ఊడ్చేశావా?" అన్నాడు.

ఆమె నవ్వి బయటి వసారాలోకి వెళ్ళి కమ్మీ పట్టుకుని నిలబడింది. ఎండ మెత్తగా ఉంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. కింద ఊరంతా మధ్యాహ్నపు మగతలో ఉంది. గాలి ఎడమ చెంపకు వెచ్చగా తగులుతోంది, కుడి చెంపకు చల్లగా తగులుతోంది. ఆమె కళ్ళు మూసుకుంది. కలలో ఉన్నట్టే ఉంది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా తూనీగలు.

పదీ ఇరవై కాదు. వేలు. ఊరి ఇళ్ళ మీదుగా ఆ కొస నుంచి ఈ కొస దాకా, దండెం కట్టినట్టు ఒకే వరసలో తేలుతున్నాయి. రెక్కల మీద ఎండ పడి వరసంతా మినుకు మినుకుమంటోంది. వరస విడిపోవడం లేదు. అలాగే మెల్లగా జరుగుతూ పైకీ కిందకీ ఊగుతున్నాయి. వరసకు ఆ పక్కా ఈ పక్కా ఒక్క పురుగు లేదు.

"బాబాయ్, ఏంటివి?"

"తూనీగలు. రెండు గాలులు ఎదురుపడే చోట ఇలాగే మూగుతాయి. ఢీకొట్టుకున్న గాలి ఇంకెటు పోతుంది, పైకి లేస్తుంది కదా. వీటినీ లేపుకుపోతుంది. పైన చలని ఇవి రామని మొండికేస్తాయి. ఆ పెనుగులాటలో అక్కడే గుంపు కడతాయి. ఇవి మూగాయంటే కాసేపట్లో నేను పూసిన గ్రీజంతా వానపాలే."

"ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నావు?"

"నువ్వు ఉద్యోగంలో చేరకముందు నుంచీ."

"మరి నాకెప్పుడూ చెప్పలేదే?"

బాబాయ్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఆశ్చర్యంగా చూశాడు. "అంత యంత్రం పెట్టుకుని కూర్చున్నావు, నీకు తెలియదని నేనెలా అనుకుంటానమ్మాయ్?"

ఆమె కమ్మీ వదిలేసింది. తన చీపురు వాన చినుకును పోనివ్వదు, నిజమే. కానీ వాన పుట్టకముందు అక్కడ చినుకులుండవు, పురుగులే ఉంటాయి. పోయిన చినుకులను లెక్కపెట్టింది కానీ పోయిన పురుగులను ఏనాడైనా లెక్కపెట్టిందా? నూట పన్నెండు మెట్లూ ఎలా దిగిందో ఆమెకు తెలియదు. ఏళ్ళ తరబడి ముట్టుకోని మీట నొక్కి చీపురును పక్కన పెట్టింది.

తుడిచిన పలక ఒక్కసారిగా నిండిపోయింది. ఆకాశమంతా పురుగుల దుమ్ము. ఆ దుమ్ములో రెండు గీతలు, దారాల్లా సన్నగా, తేటగా ఉన్నాయి. ఒకటి టవరు మీదుగా దాటి వెళ్తోంది. రెండోది అటు వైపు నుంచి దానికి ఎదురొస్తోంది. రెండూ కలిసే చోట ఆమె వేలు పెట్టింది. వేలి కింద ఉన్నది చెల్లెలి బడి. మహా అయితే అరగంట.

చెల్లెలు ఫోను తీయలేదు. పరుగు పందెం నడుస్తుంటే ఎలా తీస్తుంది? రెండోసారీ తీయలేదు. మూడోసారి కాదు, ఏడోసారి తీసింది.

"ఏంటక్కా, ఇక్కడ ఫైనల్సు..."

"పిల్లలందర్నీ లోపలికి తోలెయ్. ఇప్పుడే. టెంటు కింద ఒక్కరు కూడా ఉండకూడదు."

"ఎండ కాస్తోందక్కా. ఇందాకే కదా ఏమీ లేదన్నావు?"

"తప్పు చెప్పాను."

అక్క నోట ఆ మాట చెల్లెలు పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఇంకేమీ అడగలేదు. ఫోనులో విజిలు మూడుసార్లు మోగింది. చెవులు గింగురుమన్నా ఆమె ఫోను దించలేదు. మూడొందల జతల బూట్లు మెట్ల మీద పరుగెత్తే చప్పుడు వినిపించేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.

గీతలు కలిశాయి. కలిసిన చోట ముందు ఏమీ జరగలేదు. తర్వాత ఒక చుక్క, చుక్క చుట్టూ పచ్చన, పచ్చన మధ్యలో ఎరుపు. తెర మీద అది మొగ్గ విచ్చినంత మెల్లగా జరిగింది. కింద, బడి దగ్గర, టెంటు లేచి రోడ్డు అవతల పడింది. ఫుట్‌బాల్ గోలు స్తంభాలు పరుగు పందెం గీతల మీదికి అడ్డంగా కూలాయి. పావుగంట వడగళ్ళు కురిశాయి. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

ఆ సాయంత్రం చెల్లెలు మళ్ళీ ఫోను చేసింది. మాట్లాడుతూ మధ్యలో నవ్వుతోంది. "మా హెడ్మాస్టరు నీకు దణ్ణం పెట్టమన్నాడక్కా. పిల్లలైతే కిటికీల్లోంచి చూసి చప్పట్లు కొట్టారు." తర్వాత తనే అంది, "ఆ రోజు కూడా ఇలాగే ఏదో ఒకటి తెర మీద ఉండి ఉంటే ఎంత బాగుండేది. అప్పుడేమీ లేదన్నావు కదా."

ఆమె బల్ల మీది కాగితం కేసి చూసింది. "ఊఁ" అంది చివరికి.

ఆ ఊఁ ఆమెను పడుకోనివ్వలేదని వేరే చెప్పాలా? ఆ రోజు తాను చూసినవి ఊడ్చిన బొమ్మలు. ఊడ్వనిది టేపులో ఉంది. టేపు వెనక గదిలో ఉంది. రేపు సంతకం పెడితే దాన్ని తీసి పారేస్తారు. ఆ తర్వాత ఎవరూ అడగరు, ఎవరికీ తెలియదు, తనకు కూడా తెలియదు. చెల్లెలు పదకొండేళ్ళుగా ఆనుకుని ఉన్న గోడ అలాగే నిలబడి ఉంటుంది. కలం అక్కడే, కాగితం అక్కడే ఉన్నాయి. ఇంత తేలికైన పని ఆమె జీవితంలో ఇంకోటి లేదు.

తెల్లారగానే వెనక గది తాళం తీసింది. తోడు బాబాయ్‌ని పిలిచింది, ఎందుకంటే టేపులు చదివే పాత యంత్రం ఆయన చేతికి తప్ప లొంగదు. ఆయన ఏదో బెల్టు మార్చి, నాలుగు తిట్లు తిట్టి, దాన్ని తిప్పాడు. పదకొండేళ్ళ కిందటి మధ్యాహ్నం తెర మీదికి వచ్చింది.

ఎంత అందంగా ఉందో ఆ మధ్యాహ్నం. ఆమె ముందు గమనించింది అదే, గమనించినందుకు తనను తానే అసహ్యించుకుంది. లక్షల పురుగులు తేలుతున్నాయి. వాటి నడుమ గీత. వంకర లేదు, తెగడం లేదు. ఒక్కో బొమ్మకూ కాస్త కాస్త ముందుకు జరుగుతూ, ఎదురొస్తున్న రెండో గీతను ఓ చోట తాకింది. అక్కడి నుంచి గాలి విరుచుకుపడడానికి ఎంతసేపు పట్టిందో మూడుసార్లు లెక్కపెట్టింది. మూడుసార్లూ ఒకటే వచ్చింది.

బాబాయ్‌కి అర్థమైంది. క్రేన్ సంగతి ఆయనకూ తెలుసు. యంత్రం చక్రం ఆపి, "నువ్వు చూడలేదంటే నేనూ చూడలేదమ్మాయ్" అన్నాడు.

"ఇద్దరం చూశాం బాబాయ్."

"ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది మన ఊడ్వడం." మన అన్నాడాయన. ఆ మాటకు ఆమెకు ఏడుపొచ్చింది.

బడికి వెళ్ళేసరికి చెల్లెలు ఆటసామాను గదిలో కింద కూర్చుని బంతులకు గాలి కొడుతోంది. కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము తేలుతోంది. అక్కను చూడగానే మొహం విప్పారింది. ఆమె కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"ఆ రోజు తెర మీద ఉంది. నేను ఊడ్చేసిన పురుగుల్లో ఉంది, రెండు గీతలు ఎదురెదురుగా వచ్చి కలిశాయి. ఇవాళ పొద్దున చూశాను."

చెల్లెలి చేతిలో పంపు ఆగింది. బంతి సగం గాలితో ఉంది.

"ఎంత ముందు?"

"ఇరవై రెండు నిమిషాలు."

చెల్లెలు ఏడవలేదు. దేన్నో గుర్తు చేసుకుంటున్నట్టు కిటికీ కేసి చూసింది. "క్రేన్ దిగడానికి తొమ్మిది నిమిషాలు పట్టేది. రోజూ కింద నిలబడి లెక్కపెట్టేదాన్ని. మధ్యలో ఆగి నాకు చెయ్యి ఊపితే పది."

ఆమె ఒక అడుగు ముందుకు వేసింది.

"నువ్వు వెళ్ళక్కా" అంది చెల్లెలు, చాలా నెమ్మదిగా. "ఇప్పుడు వెళ్ళు."

ఆమె వెళ్ళింది. తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్ళి సంతకం లేని కాగితం బల్ల మీద పెట్టింది. చెప్పవలసింది నిలబడే చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. "రిటైర్మెంటు ముందు ముప్పై ఏళ్ళ పేరును నువ్వే ఊడ్చుకుంటావా?" అన్నాడు బాధగా. ఊడ్వడమే కదండీ నాకొచ్చిన పని, అంది ఆమె. పాత నివేదికలో తన వాక్యం కొట్టేయించి, "సూచన ఉంది. మేము దాన్ని తొలగించాం" అని రాయించింది. ఎలాంటి సాకూ చేర్చనివ్వలేదు. తర్వాత వెనక గదిలోనే బల్ల వేసుకుని, ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదని కొట్టిపడేసిన గాలివానల టేపులన్నీ ఒక్కొక్కటే తిప్పసాగింది. పరిశోధకులకు తమ తప్పులు తామే వెతుక్కోవడం కన్నా అవమానం లేదు. ఆమెకు అదేమీ అనిపించలేదు, వేరే బరువు ఉంది కాబట్టి.

వారం గడిచింది. నెల గడిచింది. చెల్లెలి దగ్గర నుంచి ఫోను లేదు. ఆమె చేయలేదు, చేసే హక్కు తనకు లేదనుకుంది. నిద్రలో ఇప్పుడు ఉంగరాలు రావడం లేదు. ఒక పొడవాటి నిచ్చెన వస్తోంది. దాని మీద నుంచి ఎవరో తీరిగ్గా దిగుతూ, మధ్యలో ఆగి చెయ్యి ఊపుతున్నారు. చుట్టూ తూనీగలు. ఆమె కింద నిలబడి లెక్కపెడుతూ ఉంటుంది, పది అనేలోపు మెలకువ వచ్చేస్తుంది.

రెండో నెల చివర్లో, ఒక మధ్యాహ్నం, ఫోను మోగింది. అవతల బడి వరండా చప్పుడు.

"అక్కా."

"ఊఁ, చెప్పు."

పిల్లల అరుపులు, గాలి. ఆమె ఫోను చెవికి ఆనించుకుంది. చెల్లెలి గొంతు మునుపటిలా లేదు. ఎండిపోయి ఉంది. మునుపటిలా ఇక ఉండదేమో కూడా.

"పిల్లల్ని బయటికి తేవాలి. పురుగులు ఎక్కడున్నాయి?"

ఆమె తెర కేసి తిరిగింది. ఊడ్వని ఆకాశం, దుమ్ము దుమ్ముగా.

"మీకు పడమర ఒక గీత ఉంది. ఒక్కటే. దూరంగా పోతోంది."

"రెండోది?"

"లేదు. నాలుగు వైపులా చూశాను."

"మళ్ళీ చూడు."

ఆమె మళ్ళీ చూసింది. ఒక్కో మూలా వేలితో తడుముతూ, తొందరపడకుండా చూసింది. "లేదే" అంది.

"సరే. నేను ఫోను పెట్టను. నువ్వు చూస్తూ ఉండు."

అవతల విజిలు మోగింది. పిల్లలు పరుగెత్తారు.